డ్రాగన్ గీసేటప్పుడు ముందు కంపోజిషనా, అనాటమీయా?

ముందుగా మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. ఫాంటసీ నవల కవర్ కోసం మీరు రెండు డ్రాగన్‌లు గీశారు. మొదటిది కొండ అంచున పక్కకి తిరిగి నిలబడింది. గబ్బిలం అస్థిపంజరం, మొసలి ఫోటోలు పక్కన పెట్టుకుని ప్రతి ఎముకా సరిచూసుకున్నారు. అయినా చూసినవాళ్ళు సైన్సు చార్టులా ఉందంటున్నారు. రెండోది మన మీదకి దూకుతోంది. ఊపు ఉంది గానీ, రెక్క మెడలోంచి వచ్చినట్టుందనీ, వెనక కాలు ఏమైందనీ అడుగుతున్నారు. అనాటమీ (ఎముకలూ కండల నిర్మాణం) కోసం కంపోజిషన్‌ని (బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలన్న అమరికని) ఎంత వదులుకోవాలన్నది మీ సందేహం. చివర్లో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసుకుని వాడొచ్చా అని కూడా అడిగారు.

రెండో బొమ్మనే పట్టుకోండి. దాన్ని బాగుచేయొచ్చు. మొదటిదాన్ని బాగుచేయాలంటే మళ్ళీ మొదట్నుంచీ వేయాల్సిందే.

అనాటమీ, కంపోజిషన్‌లలో ఒకటి ఎంత వదులుకుంటే రెండోది అంత దొరుకుతుందన్న లెక్క గుర్రానికి కొంతవరకు పనికొస్తుంది. గుర్రం ఎముకల్ని మనం మార్చలేం కాబట్టి పోజే సర్దుకోవాలి. డ్రాగన్‌కి ఆ ఇబ్బంది లేదు. దాని ఎముకలు ఎంచుకునేది మనమే. కాబట్టి కవర్ మీద ఏ గీత ఎటు నడవాలో ముందు తేల్చుకోండి. ఆ గీతని ఇవ్వగల ఎముకలు ఏ నిజం జంతువులో ఉన్నాయో వెతికి తెచ్చుకోండి. ఒకసారి తెచ్చుకున్నాక మాత్రం వాటికి కట్టుబడి ఉండాలి. నేను పనిచేసే పద్ధతి ఇదే, కింద చెప్పేదంతా దీన్ని పట్టుకునే ఉంటుంది.

మొదటి బొమ్మ సంగతి ముందు చూద్దాం. తల, ఒళ్ళు, తోక ఒకే అడ్డపట్టీలో ఉన్నాయి. రెక్కలు రెండూ ఒకే ఎత్తులో, ఒకే కోణంలో తెరుచుకున్నాయి. ముక్కు మీది పొలుసుకీ తోక చివరి పొలుసుకీ ఒకే శ్రద్ధ దక్కింది. నిలువు కవర్‌లో ఆ అడ్డపట్టీ నడుమన ఇరుక్కుపోయి పైన రెక్కల మధ్యా, కిందా ఖాళీ మిగిలింది. ఏ ఎముకనీ తప్పుపట్టడానికి లేదు గానీ, కన్ను ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్ళాలో బొమ్మ చెప్పడం లేదు. ఇది అనాటమీ పుస్తకాలు తిరగేస్తే తీరే సమస్య కాదు. అగ్గిపెట్టె అంత థంబ్‌నెయిల్స్ (చిన్న చిత్తు బొమ్మలు) కొన్ని వేయండి, నలుపు ఒక్కటే వాడండి, లోపల ఏ గీతా వద్దు. ఆ నల్లటి ఆకారంలో తల ఎక్కడుందో, అది ఎటు చూస్తోందో, బరువు దేని మీద ఉందో పక్కనున్నవాళ్ళు చెప్పగలిగితేనే ముందుకు వెళ్ళండి. నవల పేరు ఎక్కడ వస్తుందో కూడా ఆ దశలోనే గుర్తుపెట్టుకోవాలి. పేరు పైన వస్తుందంటే రెక్క చదునైన చీకటిగా అక్షరాల వెనక్కి వెళ్ళాలి. రెక్క వేళ్ళన్నీ వివరంగా గీసుకున్నాక వాటి మీద టైటిల్ పడితే చాలా బాధగా ఉంటుంది.

ఆ నల్లటి ఆకారం (సిల్హౌట్) కుదిరాక ఎముకలు ఎంచుకునే పని మొదలవుతుంది. మెడతో మొదలుపెడతాను. దీని గురించి ఎక్కువమంది ఆలోచించరు. జిరాఫీ మెడలో ఉన్నవి మనకున్నట్టే 7 వెన్నుపూసలు. ఒక్కో పూస 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందుకే జిరాఫీ మెడ సున్నితంగా మెలితిరగదు, పొడుగ్గా నిటారుగా సాగుతుంది. హంస మెడలో 20కి పైగా చిన్న పూసలు ఉంటాయి, కాబట్టి అది ఎటైనా వంగుతుంది. మీ థంబ్‌నెయిల్‌లో మెడ రెండు వంపులు తిరిగి ఉంటే మీకు కావాల్సింది పక్షి మెడ. అంటే పూసలు పొట్టివి, పొలుసుల వరసలు దగ్గర దగ్గరగా, లోపలి వంపులో చర్మం మడతలు పడుతూ ఉండాలి. మెడ ఒక్క ఏటవాలు గీతలా దూసుకుపోతుంటే పూసలు పొడుగ్గా, కండ దట్టంగా, మెడ మొదలు బాగా వెడల్పుగా వేయండి. ఏది తీసుకున్నా మెడ ఛాతీలోకి కలిసే చోటుని సన్నం చేయొద్దు. భారీ తలని మోసే కండలన్నీ ఆ మొదట్లోనే ఉంటాయి.

ఇక రెక్కలు. గబ్బిలం రెక్క అంటే చెయ్యి. బొటనవేలు విడిగా, గోరుతో బయట ఉంటుంది. మిగతా నాలుగు వేళ్ళూ బాగా సాగి, వాటి మధ్య చర్మం పొరలా పరుచుకుని, ఒంటి పక్కగా వెనక కాలి దాకా వెళ్తుంది. డైనోసార్ల కాలంలో ఎగిరిన సరీసృపాలైన టెరోసార్ల రెక్క వేరు. అక్కడ పొరని మోసేది ఒక్క నాలుగో వేలే. మిగతా మూడు చిన్న వేళ్ళు గోళ్ళతో విడిగా ఉంటాయి. ఈ తేడాని జీవశాస్త్రం పాఠంగా వదిలేయకుండా బొమ్మలో ఏ గీతలు వస్తాయో చూడండి. గబ్బిలం రెక్కలో వేళ్ళన్నీ మణికట్టు దగ్గర కలుస్తాయి. అంత పెద్ద ఆకారంలో నాలుగు పొడుగాటి గీతలు ఒకే బిందువు నుంచి బయల్దేరితే కన్ను నేరుగా ఆ బిందువు మీదకే పోతుంది. కాబట్టి ఆ మణికట్టు తలకి దగ్గర్లో ఉండేలా, లేదా ఆ గీతల్ని వెనక్కి పొడిగిస్తే తల మీదుగా పోయేలా రెక్కని తిప్పాలి. మీ మొదటి బొమ్మలో మణికట్టు రెండూ కవర్ పై మూలల్లో ఉన్నాయి. చూపు మూలల్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోతోంది. టెరోసార్ రెక్కలో ఈ గోల లేదు, ఒకే పొడుగాటి అంచు ఉంటుంది. వేగం చూపించాలన్నా, వెనక ఆకాశంలో మేఘాలో కోట బురుజులో చాలా ఉన్నా నేను టెరోసార్ రెక్కే తీసుకుంటాను.

రెక్క ఒంటికి అతుక్కునే చోటే అసలు చిక్కు. భూమ్మీద వెన్నెముక ఉన్న జంతువులకి కాళ్ళూ చేతులూ రెక్కలూ అన్నీ కలిపి ఉండేవి రెండు జతలే. పక్షికైనా గబ్బిలానికైనా రెక్క అంటే ముందరి జతే. నాలుగు కాళ్ళూ రెండు రెక్కలూ ఉన్న డ్రాగన్‌కి మూడో జత కావాలి, అంటే రెండో జత భుజాలు కావాలి. దీన్ని తప్పించుకోవాలంటే రెండు కాళ్ళ డ్రాగన్ వేసుకోవచ్చు, అప్పుడు ముందరి కాళ్ళే రెక్కలవుతాయి. నేల మీద ఉన్నప్పుడు టెరోసార్లు రెక్క మడిచి, ఆ చిన్న వేళ్ళు నేలకి ఆనించి నాలుగు కాళ్ళ మీదే నడిచేవి. వాటి పాదముద్రల శిలాజాలు దొరికాయి కాబట్టి ఇది ఊహ కాదు. ఆ నడకలో భుజాలు ఎత్తుగా, నడుము కిందకి ఉంటాయి. కొండ అంచు మీద కూర్చున్న డ్రాగన్‌కి ఆ వాలు చాలా బాగుంటుంది.

నాలుగు కాళ్ళే కావాలంటే రెక్క భుజానికి చోటు చూపించాలి. ముందరి కాలి భుజానికి కాస్త పైన, కాస్త వెనక దాన్ని పెట్టండి. ముఖ్యమైన సంగతేమిటంటే, రెక్కని కిందకి కొట్టే కండ వీపు మీద ఉండదు, ఛాతీలో ఉంటుంది. కోడిని కోసినప్పుడు ఎముక లేకుండా దండిగా వచ్చే రొమ్ము మాంసం అదే. రొమ్ము ఎముక మధ్యలో నిలువుగా లేచిన అంచుకి అది అతుక్కుని ఉంటుంది. దాని కింద పొరలో ఉండే చిన్న కండ రెక్కని పైకి లేపుతుంది. దాన్ని ఎముకకి కట్టే తాడులాంటి స్నాయువు భుజం మీదుగా తిరిగి వెళ్ళి ఎముకని లాగుతుంది. అంటే రెక్కని లేపే కండ కూడా పక్షికి ఛాతీలోనే ఉంది. రెక్కని వీపు మీద అతికించి వదిలేసిన డ్రాగన్‌లు మనకి ఎందుకు నమ్మబుద్ధి కావో ఇప్పుడు అర్థమవుతుంది. రెక్క మొదట్నుంచి పక్కటెముకల మీదుగా రొమ్ము ఎముక వైపు దిగే ఒక కండని గీయండి. అది ముందరి కాలి భుజం వెనక నుంచి కిందకి వెళ్తుంది. దానికి చోటు కావాలి కాబట్టి ఛాతీ పొడుగవుతుంది. ఛాతీ పొడుగైతే మెడ నుంచి పొట్ట దాకా సాగే వంపు ఇంకా పొడవుగా, అందంగా వస్తుంది. అనాటమీ అడిగింది ఇచ్చినందుకు కంపోజిషన్‌కి లాభం జరిగిన చోటు ఇది.

ఇంకో దారి కూడా ఉంది. పడమటి కనుమల్లో, వక్కతోటల్లో డ్రాకో అనే చిన్న బల్లి ఉంటుంది. దాని పొరని మోసేవి సాగిన పక్కటెముకలు. నాలుగు కాళ్ళూ విడిగానే ఉంటాయి, మూడో జత అవసరం లేదు. అయితే అది రెక్కలు ఆడించలేదు, చెట్టు నుంచి చెట్టుకి గాల్లో జారుతుందంతే. భుజం మీద కూర్చునేంత చిన్న డ్రాగన్ పిల్లలు గీసేవాళ్ళకి ఇది చక్కటి రిఫరెన్స్.

సైజు గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. పొడవు రెండింతలైతే రెక్క వైశాల్యం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అవుతుంది. ఎగిరిన జంతువుల్లో అతి పెద్దవాటిలో ఒకటైన క్వెట్జల్‌కోట్లస్‌కి రెక్కల వెడల్పు 10 మీటర్ల పైమాట, బరువు చాలా అంచనాల ప్రకారం 200 నుంచి 250 కిలోలు. మగ ఏనుగు 4 టన్నులు ఉంటుంది. ఏనుగంత డ్రాగన్‌ని నిజంగా ఎగిరించే రెక్క వేస్తే కవరంతా రెక్కే అయి తల గోరంత మిగులుతుంది. ఆ లెక్క ఇక్కడ పక్కన పెట్టండి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు ఉచెల్లో 1470 ప్రాంతంలో వేసిన చిత్రం ఉంది, సెయింట్ జార్జ్ అనే వీరుడు గుర్రం మీదనుంచి డ్రాగన్‌ని పొడిచే దృశ్యం. అందులో రెండు కాళ్ళ డ్రాగన్ రెక్కల మీద గుండ్రటి రంగు మచ్చలుంటాయి. ఆ రెక్కలతో ఆ ఒళ్ళు లేవదు. అయినా గుర్రం మీదనుంచి ఏటవాలుగా దిగిన ఈటె నేరుగా డ్రాగన్ తల్లోకి వెళ్తుంది, మన చూపూ దాని వెంటే వెళ్తుంది. రెక్క సైజు గురించి ఎవరికీ అనుమానం రాదు.

కొలతలో రాజీ పడొచ్చు. బరువు విషయంలో పడకూడదు. ఎగురుతున్నప్పుడు ఒళ్ళంతా రెండు భుజాల నుంచి వేలాడుతుంది. రెక్క కిందకి కొడుతుంటే గాలి పొరని పైకి నెడుతుంది, కాబట్టి వేళ్ళ మధ్య పొర పైకి ఉబ్బుతుంది, వేళ్ళ కొసలు కాస్త పైకి వంగుతాయి. పైకి లేపేటప్పుడు మోచేయీ మణికట్టూ మడుచుకుంటాయి, పొర వదులై ముడతలు పడుతుంది. వెనక అంచు మాత్రం ఎప్పుడూ వేలి కొస నుంచి వేలి కొసకి లోపలికి వంగి ఉండాలి, గొడుగు అంచులాగా. చాలామంది దాన్ని బయటికి ఉబ్బిస్తారు. ఆ ఒక్క గీతతో పొర బిగువంతా పోయి బట్ట ఆరేసినట్టవుతుంది.

నేల మీద బరువు చూపించడానికి కాళ్ళు చూడాలి. పిల్లికీ కుక్కకీ పక్షికీ వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. మోకాలు పైన, పొట్టకి దగ్గర్లో ఉంటుంది. ఉడుములా కాళ్ళు పక్కకి చాపిన డ్రాగన్ నేలని కరుచుకుని వెడల్పుగా కనిపిస్తుంది, నడుస్తుంటే వెన్ను పక్కలకి మెలికలు తిరుగుతుంది. పిల్లిలా కాళ్ళు ఒంటి కింద పెట్టుకున్నది ఎత్తుగా, దూకడానికి సిద్ధంగా కనిపిస్తుంది, వెన్ను పైకీ కిందకీ వంగుతుంది. మొసలి రెండూ చేయగలదు. పొట్ట ఈడుస్తూ వెళ్తుంది, కావాలంటే కాళ్ళు నిలబెట్టి ఒళ్ళెత్తి కూడా నడుస్తుంది. వీటిలో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. ముందర కాళ్ళు పిల్లివీ వెనక కాళ్ళు ఉడుమువీ అయితే వెన్ను ఎటు వంగాలో తెలియని బొమ్మ వస్తుంది.

బ్రిటన్‌లోని విండ్సర్ రాజ సేకరణలో లియొనార్డో డా విన్చి చివరి రోజుల నాటి కాగితం ఒకటి ఉంది, 1517-18 ప్రాంతానిది. దాని నిండా పిల్లులు. పడుకున్నవి, కొట్లాడుకుంటున్నవి, ఒళ్ళు నాక్కుంటున్నవి. కొన్ని సింహాలు కూడా ఉన్నాయి. వాటి మధ్యలో ఒక చిన్న డ్రాగన్. దాని ఒళ్ళు పక్కనున్న పిల్లుల్లాగే మెలితిరిగి ఉంటుంది. రెక్కలు అంతంత మాత్రమే, పొలుసుల జోలికే పోలేదు. అయినా అది బతికున్న జంతువే, ఎందుకంటే వెన్నెముక మెలిక నిజం. మీకు ఇంటర్నెట్‌లో ఆ కాగితం పెద్ద సైజులో దొరుకుతుంది. దాన్ని ఒక సాయంత్రం కూర్చుని కాపీ చేయండి. డ్రాగన్ ఒక్కదాన్నే కాదు, పిల్లుల్నీ చేయండి.

ఆయన రాతల్లోనే మరో సలహా ఉంది. ఊహించిన జంతువు, ఉదాహరణకి డ్రాగన్, సహజంగా కనిపించాలంటే తల వేటకుక్కదీ, కళ్ళు పిల్లివీ, చెవులు ముళ్ళపందివీ, ముక్కు గ్రేహౌండ్‌దీ, కనుబొమలు సింహానివీ, కణతలు ముసలి కోడిపుంజువీ, మెడ తాబేలుదీ తీసుకోమంటాడు. ఆ జాబితా అంతా తలా మెడా మాత్రమే. రెక్కల గురించి, తోక గురించి ఏమీ లేదు. చూపు ముందు పడే చోటే నిజం జంతువుల్ని పోగేశాడని నేను అర్థం చేసుకున్నాను. ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫర్ట్ ఊళ్ళో 16వ శతాబ్దపు డ్రాగన్ విగ్రహం ఉంది. దాని తలకి నమూనా ఆ దగ్గర్లో దొరికిన మంచుయుగపు ఖడ్గమృగం పుర్రె. మన గుళ్ళలో దేవుడి వెనకుండే మకర తోరణం చూసినా ఇదే తెలుస్తుంది. మకరం నోరూ పళ్ళూ కన్నూ శిల్పి శ్రద్ధగా చెక్కుతాడు, తోకకి వచ్చేసరికి అది లతలై చుట్టలు తిరిగి అలంకారంలో కలిసిపోతుంది.

కాబట్టి వివరాన్ని ఒళ్ళంతా సమానంగా పంచొద్దు. తల, దగ్గరి భుజం, బరువు మోస్తున్న పాదం, ఈ మూడింటికీ పూర్తి అనాటమీ ఇవ్వండి. పొలుసులు కీళ్ళ దగ్గరా కంటి చుట్టూ చిన్నవి, వీపు మీదా పొట్ట కిందా పెద్దవి. మిగతా ఒంటి మీద వెలుగు చీకటిలోకి తిరిగే అంచుల్లో కొన్ని చూపిస్తే చాలు. తక్కినవి చూసేవాళ్ళే నింపుకుంటారు.

దాచడం కూడా నేర్చుకోవాలి. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో చైనా చిత్రకారుడు చెన్ రోంగ్ 1244లో సిరాతో గీసిన తొమ్మిది డ్రాగన్‌ల చుట్టకాగితం ఉంది. మేఘాలూ మంచూ అలలూ ఒంట్లో సగాన్ని మింగేస్తాయి. ఒకచోట తల, కాస్త దూరంలో పంజా, ఇంకోచోట ఒంటి చుట్ట. అయినా అది ఒకే జంతువని మనకి సందేహం రాదు. బయట కనిపించే ముక్కలు ఒకే వంపు మీద ఉన్నప్పుడే ఇలా కుదురుతుంది. మీరు డిజిటల్‌లో వేస్తున్నారు కాబట్టి పని సులువు. దాచబోయే ఒంటిని కూడా ఒక లేయర్‌లో పూర్తిగా గీయండి, పొడవు సరిపోయిందో, నడుము వెన్నుతో కలిసిందో చూసుకోండి, ఆ తర్వాత పొగ కప్పండి. రానిదాన్ని దాచడానికి పొగ వేస్తే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ రెండో బొమ్మ. రెక్క మెడలోంచి వచ్చినట్టు కనిపించడానికి కారణం, డ్రాగన్ సరిగ్గా మనకి ఎదురుగా రావడం. తలా మెడా ముందుకొచ్చి రెండు భుజాల్నీ కప్పేశాయి. ఛాతీని కాస్త పక్కకి తిప్పండి, దగ్గరి భుజం మెడ పక్కనుంచి బయటపడేంత చాలు. ఛాతీని గుడ్డు ఆకారంగా వేసి దాని మధ్యరేఖ గీయండి. ఆ మధ్యరేఖకి అడ్డంగా రెండు రెక్క భుజాల్ని కలిపే గీత గీయండి. ఒళ్ళు ఎటు వాలిందో ఆ అడ్డగీత చెప్తుంది, రెండు రెక్కలూ దాని కొసల నుంచే బయల్దేరాలి. అప్పుడు దగ్గరి రెక్క మన వైపు కుదించుకుపోయి పొట్టిగా కనిపిస్తుంది, దూరపు రెక్క పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ పొట్టిదనానికి భయపడి దాన్ని సాగదీయొద్దు. రెండు రెక్కలూ ఒకేలా లేకపోవడం వల్లే దూకుడు కనిపిస్తుంది. వెనక కాళ్ళలో రెండోది దాగినా పర్లేదు, ఒక పాదం మాత్రం పొట్ట కింద నుంచి కనిపించాలి. తోక ఇప్పుడు కుడి మూలలోంచి బయటికి పోతోంది. దాన్ని దూరపు రెక్క వెనక నుంచి తిప్పి తల వైపు తీసుకురండి.

రెక్క మడత పట్టుబడకపోతే చికెన్ షాపులో చర్మంతో ఉన్న రెక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. భుజం, మోచేయి, మణికట్టు వేళ్ళతో పట్టుకుని చూడండి. మోచేయి చాపితే మణికట్టు దానంతటదే తెరుచుకుంటుంది, మడిస్తే తనూ మడుచుకుంటుంది. రెండూ కలిసే కదులుతాయి. సగం మడిచిన రెక్కలో మోచేయి చాచి మణికట్టు మాత్రం పూర్తిగా ముడిచిన బొమ్మలు తేడాగా కనిపించేది ఇందుకే. భుజానికీ మణికట్టుకీ మధ్య ముందు వైపు సాగే చర్మాన్ని కూడా గమనించండి. గబ్బిలానికీ టెరోసార్‌కీ కూడా ఆ పొర ఉంది. డ్రాగన్ బొమ్మల్లో మాత్రం తరచూ మర్చిపోతారు. ఊళ్ళో చింతచెట్టుకో మర్రిచెట్టుకో పెద్ద గబ్బిలాలు వేలాడుతుంటే చీకటి పడే వేళ దూరం నుంచి చూడండి. వాటి రెక్కల వెడల్పు 1.2 మీటర్లు దాటుతుంది, కాబట్టి వేళ్ళ కదలిక కంటికే తెలుస్తుంది.

బ్లెండర్ వాడండి, తప్పేమీ లేదు. కానీ పొలుసులతో సహా తయారైన మోడల్ డౌన్‌లోడ్ చేసుకుని దాన్ని ట్రేస్ చేయొద్దు. దాని పోజు వేరెవరో వాళ్ళ అవసరానికి పెట్టింది. ఛాతీకి ఒక గుడ్డు, నడుముకి ఒక పెట్టె, రెక్క ఎముకలకి సిలిండర్లు పెట్టుకుంటే చాలు. కెమెరాని దగ్గరికి తెచ్చి లెన్స్ 24 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి చూడండి, ముందున్న తల పెద్దదై వెనక నడుము చిన్నదవుతుంది. మీ థంబ్‌నెయిల్‌లో ఉన్న ఊపు అందులో రాకపోతే థంబ్‌నెయిల్‌నే నమ్మండి. మెడ వంపునీ రెక్క కొసనీ చేత్తో ఇంకాస్త లాగండి. భుజాల అడ్డగీతని మాత్రం మోడల్ చూపించిన చోటే ఉంచండి. ఛాతీ తిప్పాక వచ్చిన రఫ్ స్కెచ్‌ని రంగు వేయకముందే ఇక్కడ పెట్టండి, రెక్కల కోణం ఆ దశలో మార్చడం తేలిక.